కారు పాతదే... మరి రిమోటు?

అటక మీద ఓ అట్టపెట్టె. పైన వేలెడు దుమ్ము. దులిపితే ఇసుకదిబ్బ మీంచి దూకుతున్న బగ్గీ కారు బొమ్మ. మూత తీస్తే లోపల అదే కారు. నలభై ఏళ్ల కిందట ఆడి ఆడి అలసిపోయి పడుకుంది. టైర్లు గట్టిపడ్డాయి. స్టిక్కర్ల అంచులు లేచిపోయాయి. బాడీకి ఓ మూల పగులు. అయినా ఫర్వాలేదు. టైర్లు దొరుకుతాయి. స్టిక్కర్లు దొరుకుతాయి. చాలా మోడళ్లకు బాడీ కూడా కొత్తది దొరుకుతుంది. దొరకనిదల్లా ఒక్కటే... ఆ కారుని అప్పట్లో నడిపించిన రేడియో!

బ్రిటన్, అమెరికా, జపాన్‌లలో నడివయసుకొచ్చిన చాలామందికి ఇప్పుడు ఇదో ముచ్చట. చిన్నప్పటి రిమోట్ కంట్రోల్ కార్లను వెతికి పట్టుకుని, ఊడదీసి, కడిగి, మళ్లీ కొత్తవాటిలా బిగిస్తున్నారు. కారంతా అయిపోయాక అసలు ప్రశ్న ఎదురవుతుంది. 1979 నాటి కారుకి ఈ మధ్యే దుకాణంలో కొన్న రిమోటు పెట్టడమా? పట్టుపంచె కట్టుకుని కాళ్లకు స్పోర్ట్స్ షూ వేసుకున్నట్టు ఉండదూ! పోనీ ఆనాటి సెట్టే తెచ్చి పెడదామంటే... అది పనిచేస్తుందా? పనిచేసినా దాన్ని నమ్మొచ్చా?

పెట్టెలో ఉండేది కాదు!

ఈ కథలో పెద్ద పేరు తమియా. జపాన్‌లోని షిజువోకా పట్టణంలో 1946లో కలప వ్యాపారంగా మొదలైన సంస్థ. కలప నుంచి చెక్కబొమ్మలకీ, అక్కణ్నుంచి ప్లాస్టిక్ మోడళ్లకీ మారింది. 1976లో తొలి రేడియో కంట్రోల్ కారుని విడుదల చేసింది. అది పోర్షా 934 టర్బో, అసలు కారులో పన్నెండో వంతు సైజు. ఆ తర్వాత వరస కట్టాయి. 1979లో ఇసుకలో పరుగులు తీసే శాండ్ స్కార్చర్, 1983లో కప్ప పేరుతో ఫ్రాగ్, 1984లో మిడత పేరుతో గ్రాస్‌హాపర్, కందిరీగ పేరుతో హార్నెట్. ఆ తరం పిల్లలకి ఇవి కార్లు కావు, కలలు. ఆ కలల వెనకున్న షున్‌సాకు తమియా 2025 జులైలో కన్నుమూశారు.

మామూలు ఆటబొమ్మకీ వీటికీ తేడా ఉంది. బొమ్మ కారు రిమోటులో కుడి అంటే పూర్తిగా కుడి, ఎడమంటే పూర్తిగా ఎడమ. వీటిలో అలా కాదు. చేతిలోని స్టిక్‌ని ఎంత కదిపితే చక్రం అంతే తిరుగుతుంది. అందుకే దీన్ని ప్రపోర్షనల్ రేడియో అంటారు. ఇంకో తేడా ఏమిటంటే కారు విడిభాగాలుగా వస్తుంది. ఎవరికి వారు కూర్చుని బిగించుకోవాలి.

పెట్టెలో గేర్లుంటాయి, మోటారుంటుంది, బాడీ ఉంటుంది, చివరి స్క్రూ దాకా అన్నీ ఉంటాయి. రేడియో మాత్రం ఉండేది కాదు! ట్రాన్స్‌మిటర్, రిసీవర్, రెండు సర్వోలు, బ్యాటరీ, ఛార్జరు... ఇవన్నీ విడిగా కొనుక్కోవాల్సిందే. మాన్యువల్‌లో రెండు ఛానళ్ల రేడియో కావాలని రాసుండేది. ఏ కంపెనీదన్నది కొనేవాడి ఇష్టం. కాదు, కొనిపెట్టే నాన్న జేబు!

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. పాత అంబాసిడర్‌కి ఏ హెడ్‌లైటు సరైనదంటే కంపెనీ పుస్తకం చూసి చెప్పేయొచ్చు. హార్నెట్‌కి ఏ రేడియో సరైనదంటే చెప్పే పుస్తకం లేదు. పక్కపక్క ఇళ్లలోని ఇద్దరు పిల్లల దగ్గర ఒకే కారు, రెండు వేర్వేరు రేడియోలు ఉండేవి. కాబట్టి సరైన రేడియో అంటే ఫ్యాక్టరీ చెప్పింది కాదు. ఆ ఏడాది, ఆ ఊళ్లో, ఆ వయసు పిల్లాడికి దొరికి ఉండగలిగింది.

ఏ కాలానికి ఏది?

అలా అనుకుంటే వెతుకులాట తేలికవుతుంది. ముందు కారు ఏ ఏడాదిదో తేల్చుకోవాలి. తర్వాత ఏ దేశంలో అమ్ముడైందో చూడాలి. ఆ రెండూ తెలిస్తే రేడియో రూపం దాదాపు తెలిసిపోతుంది.

డెబ్భైల చివరి సెట్లు బరువైనవి. రెండు స్టిక్కులు. పైన బయటికి లాగే పొడవాటి స్టీలు ఏరియల్. ఎడమ స్టిక్ పైకీ కిందకీ కదిపితే వేగం, కుడి స్టిక్ పక్కలకి కదిపితే మలుపు. పనిచేసేది 27 మెగాహెర్ట్జ్ ఏఎమ్ పద్ధతిలో. కారులో మోటారుకి ఒక బ్యాటరీ, రిసీవర్‌కి విడిగా నాలుగు పెన్ను సెల్స్.

ఎనభైల్లో ప్లాస్టిక్ కేసులొచ్చాయి, సెట్టు తేలికైంది. రిసీవర్‌కి వేరే సెల్స్ అక్కర్లేకుండా మోటారు బ్యాటరీ నుంచే కరెంటు తీసుకునే ఏర్పాటు వచ్చింది. దాన్నే బీఈసీ అంటారు. తుపాకీలా పట్టుకుని, వేలితో ట్రిగ్గర్ నొక్కి, పక్కనున్న చిన్న చక్రం తిప్పే పిస్టల్ సెట్లు రేసు మైదానాల్లో జోరందుకున్నాయి. ఎనభైల చివరికి, తొంభైలకి వచ్చేసరికి ఎఫ్ఎమ్ సెట్లూ, ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్లూ విరివిగా కనిపించాయి. 2000 తర్వాత 2.4 గిగాహెర్ట్జ్ వచ్చి పొడుగు ఏరియల్‌ని మింగేసింది.

ఇక కంపెనీలు. 1948లో వాక్యూమ్ ట్యూబులు తయారు చేయడానికి పుట్టిన ఫుటాబా, అమెరికాలో ఎయిర్‌ట్రానిక్స్ పేరుతో అమ్ముడైన సాన్వా, రేసర్లు ముచ్చటపడే కేఓ ప్రోపో, విమానాల వాళ్లకి బాగా తెలిసిన జేఆర్, ఎనభైల్లో బ్రిటన్ పిల్లల చేతుల్లో ఎక్కువగా కనిపించిన అకోమ్స్ టెక్నిప్లస్. అన్నీ జపాన్‌వే. 1984 నాటి గ్రాస్‌హాపర్ బ్రిటన్‌లో దొరికిందంటే పక్కన అకోమ్స్ స్టిక్ సెట్టు పెడితే అతికినట్టు ఉంటుంది. అదే కారుకి తొంభైల నాటి పిస్టల్ పెడితే పని నడుస్తుంది గానీ, తెలిసినవాళ్లు చూసి నవ్వుకుంటారు.

కారు మాన్యువల్ దొరికితే ఇంకా మంచిది. సర్వో ఏ దిక్కుగా కూర్చోవాలి, ఏ కంపెనీ సర్వోకి ఏ హారన్ వాడాలి వంటి వివరాలు చాలా మాన్యువళ్లలో బొమ్మలతో సహా ఉంటాయి. హారన్ అంటే సర్వో తల మీద తిరిగే చిన్న ప్లాస్టిక్ చెయ్యి. అప్పటి సర్వోలు ఎంత లావుండేవో, ఏ పేర్లు అప్పుడు చలామణిలో ఉండేవో ఆ పేజీలే చెబుతాయి.

కనిపించేది... కనిపించనిది

అన్ని కార్లకీ ఇంత పట్టింపు అక్కర్లేదు. గ్రాస్‌హాపర్, హార్నెట్‌లలో రేడియో సామానంతా తొట్టిలాంటి ఛాసిస్‌లో కూర్చుంటుంది. పైన బాడీ మూతలా పడుతుంది. మూత వేశాక లోపలున్నది 1984 నాటి సర్వోనో, నిన్న కొన్నదో ఎవరికీ తెలీదు.

శాండ్ స్కార్చర్ సంగతి వేరు. ఇసుకా, నీళ్లూ లోపలికి పోకుండా దాని రేడియో సామానుని మూసేసిన పెట్టెలో పెట్టారు. చుట్టూ రబ్బరు సీళ్లు. ఆ పెట్టె పారదర్శకం! బీటిల్ బాడీ తీస్తే లోపలి సర్వోలూ, రిసీవరూ, వైర్లూ అన్నీ అద్దాల బీరువాలో వస్తువుల్లా కనిపిస్తాయి. అగ్గిపెట్టెంత కొత్త రిసీవర్, రంగురంగుల ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్ అందులో పెడితే దాచడానికి చోటుండదు. కాలానికి తగ్గ సామాను ఎక్కడైనా తప్పనిసరి అనుకుంటే అది ఇలాంటి కార్లలోనే.

పాత కార్లలో ఇంకో విశేషం మెకానికల్ స్పీడ్ కంట్రోలర్. రెండో సర్వో చేసే పని వేగాన్ని మార్చడం. సర్వో తిరిగితే ఓ లోహపు చెయ్యి రాగి పలకల మీద జరుగుతుంది. మొదటి మెట్టులో కరెంటు రెసిస్టర్ గుండా వెళ్తుంది, కారు నెమ్మదిగా కదులుతుంది. చివరి మెట్టులో నేరుగా మోటారుకి వెళ్తుంది, కారు దూసుకుపోతుంది. నెమ్మదిగా నడిపినప్పుడు మిగిలిన కరెంటంతా రెసిస్టర్‌లో వేడిగా మారిపోతుంది. అందుకే అది చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. పాత కారు ఒక్క కుదుపుతో కదలడం, మెట్టు మారినప్పుడు సర్వో చేసే చిన్న గీర శబ్దం... ఇవన్నీ దీని చలవే. దీన్ని తీసేస్తే కారు మెత్తగా నడుస్తుంది. పాత కారులా మాత్రం నడవదు.

తమియా ఈ కార్లలో కొన్నింటిని మళ్లీ తయారు చేసింది. 2004, 2005లలో హార్నెట్, గ్రాస్‌హాపర్, 2010లో శాండ్ స్కార్చర్ తిరిగొచ్చాయి. పాత కారు బాగుచేసేవాళ్లకి విడిభాగాల కొరత చాలావరకు తీరింది. రేడియోలకి ఆ యోగం పట్టలేదు. పాడైన పాత సెట్టుకి విడిభాగం కావాలంటే ఇంకో పాత సెట్టుని విప్పాల్సిందే. పిల్లలు పెద్దయ్యాక కారుని అటక మీద దాచారు గానీ, సెల్స్ కారి పాడైన రిమోటుని చెత్తబుట్టలో పడేశారు. అందుకే ఇప్పుడు కారు కంటే దాని రేడియో కోసమే ఎక్కువ తిరగాల్సి వస్తోంది.

ఆరు రంగుల రిబ్బన్లు

సెట్టు దొరికింది సరే, అది ఏ ఫ్రీక్వెన్సీదో చూడాలి. 27 మెగాహెర్ట్జ్‌లో మోడళ్లకి ఆరు ఛానళ్లు. ఒక్కోదానికి ఒక్కో రంగు. 26.995 గోధుమ, 27.045 ఎరుపు, 27.095 నారింజ, 27.145 పసుపు, 27.195 ఆకుపచ్చ, 27.255 నీలం. ఏరియల్ కొసకి ఆ రంగు రిబ్బన్ కట్టుకుని మైదానంలోకి దిగేవాళ్లు. ఇద్దరి రిబ్బన్లూ పసుపైతే ఒకడు ఆగాల్సిందే. లేదంటే ఒకడి స్టిక్ కదిలితే ఇంకొకడి కారు గోడకి గుద్దుకుంటుంది. క్లబ్బుల్లో దీనికోసం ఒక బోర్డు ఉండేది. ఆ రంగు క్లిప్పు ఎవరి దగ్గరుంటే వాళ్లే సెట్టు ఆన్ చేయాలి.

ఛానల్‌ని నిర్ణయించేది క్రిస్టల్. గోరంత లోహపు డబ్బీ, రెండు కాళ్లు. ట్రాన్స్‌మిటర్‌లో ఒకటి, రిసీవర్‌లో ఒకటి. రెండూ జంటగా ఉండాలి కానీ ఒకటే కావు! మామూలు ఏఎమ్ సెట్లలో రెండింటికీ 455 కిలోహెర్ట్జ్ తేడా ఉంటుంది. ట్రాన్స్‌మిటర్‌ది 27.145 అయితే రిసీవర్‌ది 26.690. ఆ సంగతి తెలీక రెండింటినీ అటూ ఇటూ మార్చి పెట్టి, సెట్టు చచ్చిపోయిందనుకుని పడేసినవాళ్లున్నారు. ఏఎమ్ క్రిస్టల్ తెచ్చి ఎఫ్ఎమ్ సెట్టులో పెట్టినా లాభం ఉండదు. పాత సెట్టు కొనేటప్పుడు క్రిస్టళ్ల జంట ఉందో లేదో చూడమనేది అందుకే.

దేశాన్ని బట్టి కూడా తేడాలున్నాయి. అమెరికాలో నేల మీది మోడళ్లకి 75 మెగాహెర్ట్జ్, విమానాలకి 72. బ్రిటన్‌లో కార్లకీ పడవలకీ 40, విమానాలకి 35. అక్కడ మామూలుగా వాడిన సెట్టు ఇంకో దేశంలో వేరే అవసరాలకిచ్చిన ఫ్రీక్వెన్సీలో కూత పెట్టొచ్చు. మనదేశంలో 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ దాకా 5 వాట్ల లోపు పరికరాలకి లైసెన్సు అక్కర్లేదని 2005లో కేంద్రం నియమాలు చేసింది. పై ఆరు రంగులూ ఆ హద్దుల్లోనే ఉన్నాయి. 2.4 గిగాహెర్ట్జ్‌కీ అదే ఏడాది లైసెన్సు మినహాయింపు వచ్చింది. విదేశంలో ఉన్న అన్నయ్యో బావగారో పాత సెట్టు తెస్తానంటే ముందు వెనక స్టిక్కర్ మీదున్న అంకె చదవమనాలి. బయటినుంచి వైర్‌లెస్ పరికరాలు తెచ్చుకోవడానికి వేరే నియమాలున్నాయి. అవీ చూసుకోవాలి.

పాతది కదా... పదిలం!

ఇక అసలు భయం. ముప్పై నలభై ఏళ్లు మూలన పడున్న ఎలక్ట్రానిక్ వస్తువుని సెల్స్ వేసి ఆన్ చేయడం అంత మంచిది కాదు. ముందు సెల్స్ గూడు తెరవాలి. టీవీ రిమోటులో సెల్స్ మర్చిపోతే పట్టే తెల్లటి పొక్కు తెలుసుగా? అదే ఇక్కడా ఉంటుంది. ఆల్కలైన్ సెల్స్ కారినదైతే దూదికి కాస్త వెనిగర్ అద్ది తుడిస్తే పోతుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి పూర్తిగా ఆరనివ్వాలి. కారిన రసం ఒక్కోసారి వైరు తొడుగులోంచి లోపలి దాకా పాకుతుంది. వైరు కొస కత్తిరించి చూస్తే రాగి నల్లగా మారి ఉంటుంది. దానికి టంకం అతకదు. వైరే మార్చాలి.

స్టిక్ ముట్టకుండానే సర్వో వణుకుతోందంటే స్టిక్ కింద ఉండే పొటెన్షియోమీటర్‌లో దుమ్ము చేరినట్టే. కాంటాక్ట్ క్లీనర్ చుక్క వేసి నాలుగుసార్లు తిప్పితే చాలాసార్లు దారికొస్తుంది. బోర్డు మీదున్న కెపాసిటర్లు ఎండిపోయి ఉంటే మార్చాలి. మోటారు సంగతీ మర్చిపోకూడదు. బ్రష్ మోటారు తిరిగేటప్పుడు నిప్పురవ్వలు రేగుతాయి. ఏఎమ్ రిసీవర్‌కి ఆ రవ్వలే పెద్ద గోల. రేడియోలో క్రికెట్ వింటుంటే పక్కింట్లో మిక్సీ వేసినట్టు! మోటారు డబ్బాకి 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్లు టంకం వేస్తే ఆ గోల తగ్గుతుంది. పాత మోటారుకి అవి ఊడిపోయి ఉంటే కారు తనంతట తాను గెంతులేస్తుంది. అందరూ రేడియోని తిడతారు, తప్పు మోటారుది.

ప్లగ్గులతోనూ జాగ్రత్త. ఈ రోజుల్లో ఏ కంపెనీ సర్వో అయినా ఏ రిసీవర్‌కైనా చాలావరకు సరిపోతుంది. అప్పట్లో అలా కాదు. పాత సాన్వా, ఎయిర్‌ట్రానిక్స్ ప్లగ్గుల్లో వైర్ల వరసే వేరు. ఫుటాబా రిసీవర్‌కి బలవంతాన గుచ్చితే క్షణంలో ఏదో ఒకటి కాలిపోతుంది. విడి సెల్స్‌తో నడవాల్సిన పాత రిసీవర్‌కి నాలుగు పెన్ను సెల్స్ ఇచ్చే 6 వోల్టులే భరించే శక్తి. మోటారు బ్యాటరీ 7.2 వోల్టులది. ఒక వోల్టే కదా అని కలిపేస్తే అంతే సంగతులు.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకోటుంది. పాత ఏఎమ్ రిసీవర్‌కి ఫెయిల్‌సేఫ్ అనేది తెలీదు. అంటే సిగ్నల్ పోతే ఆగిపోవాలన్న ఇంగితం దానికి లేదు. ట్రాన్స్‌మిటర్ సెల్స్ అయిపోయిన క్షణంలో స్పీడ్ కంట్రోలర్ చెయ్యి చివరి మెట్టు మీద ఉంటే... కారు అలా దూసుకుపోతూనే ఉంటుంది. ఎదురుగా గోడ ఉంటే పగిలేది బాడీ. చంటిపిల్లాడుంటే? ట్రాన్స్‌మిటర్ ముందు ఆన్ చేసి, చివర్లో ఆఫ్ చేయమని ఆనాటి పెద్దలు పదేపదే చెప్పింది అందుకే. ఆ నియమానికి ఇప్పటికీ గడువు తీరలేదు. లిథియం పాలిమర్ బ్యాటరీలనూ మెకానికల్ స్పీడ్ కంట్రోలర్‌తో వాడకపోవడమే మేలు. చార్జి తగ్గిపోతే ఆపేసే ఏర్పాటు దానిలో లేదు. ఆ బ్యాటరీని అడుగంటా వాడితే పాడవుతుంది, ఒక్కోసారి నిప్పంటుకుంటుంది. నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాకే ఈ కార్లకి నప్పుతుంది.

మూడు దారులు

ఇన్ని తిప్పలుంటే మరి ఏం చేయాలి? ఈ పనిలో చేయి తిరిగినవాళ్లు మూడు దారులు పడుతుంటారు.

మొదటిది షోకేసు దారి. కారు నడపరు. ఆనాటి సెట్టుని శుభ్రం చేసి, సెల్స్ లేకుండా పక్కన పెడతారు. లోపల సర్వోలూ ఆనాటివే. సెట్టు పనిచేయకపోయినా దిగులు లేదు. ఫొటో దిగితే 1979 కళ్ల ముందుంటుంది. పోర్షా 934 లాంటి అరుదైన కార్లకి ఈ దారే మేలు.

రెండోది అసలు దారి. సెట్టుని బాగుచేసి, క్రిస్టళ్లు సరిచూసి, నిజంగానే 27 మెగాహెర్ట్జ్ మీద నడుపుతారు. ఏరియల్ పూర్తిగా లాగి, ఖాళీ మైదానంలో, జనం లేనప్పుడు. రోజూ కాదు, పండక్కో పబ్బానికో. పట్టుచీర బీరువాలోంచి తీసినట్టు!

మూడోది రాజీ దారి. కారు తరచూ నడపాలి, పిల్లల చేతికీ ఇవ్వాలి. అలాంటప్పుడు లోపల 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్ పెడతారు. చేతిలో కొత్త సెట్టే అయినా పిస్టల్ కాకుండా రెండు స్టిక్కులది ఎంచుకుంటారు. ఇప్పటికీ అలాంటివి తయారవుతున్నాయి. దూరం నుంచి చూస్తే పాత తీరే, వేళ్లకి పాత అలవాటే. ఫెయిల్‌సేఫ్ ఉంటుంది కాబట్టి గుండె నిబ్బరం.

ఈ మూడో దారిలోనే ఓ పక్కసందు ఉంది. అక్కడే గొడవ! పాత ట్రాన్స్‌మిటర్‌ని విప్పి, లోపలి బోర్డుకి బదులు 2.4 గిగాహెర్ట్జ్ మాడ్యూల్ బిగించేస్తారు. పైకి 1980, లోపల నేటి సరుకు. పొడుగు ఏరియల్ ఇక అలంకారమే. చూడ్డానికి భలేగా ఉంటుంది. కానీ అందుకోసం కేసుకి కన్నాలు వేసి, బోర్డుని కోసి పారేస్తే? పనిచేయగలిగిన ఇంకో పాత సెట్టు లోకంలోంచి పోయినట్టే. అవి మళ్లీ పుట్టవు. బాగు చేస్తున్నానని అనుకుంటూనే ఓ జ్ఞాపకాన్ని చెరిపేసినవాళ్లవుతారు.

అలాగని వద్దని కాదు. దీనికి ఓ తేలికైన కొలత ఉంది. చేసిన మార్పుని రేపు ఇంకెవరైనా వెనక్కి తిప్పగలరా? తిప్పగలిగితే చేయొచ్చు. కన్నం వేయకుండా, పాత స్క్రూ గుంటల్లోనే బిగించి, తీసిన బోర్డునీ క్రిస్టల్‌నీ కవర్లో పెట్టి, ఏది ఎక్కడిదో చీటీ రాసి అదే పెట్టెలో దాస్తే తప్పేం లేదు. బోర్డు అప్పటికే కాలిపోయి, కేసు ఒక్కటే మిగిలిందా? అప్పుడైతే నిక్షేపంగా మార్చుకోవచ్చు. బతికున్న సెట్టుని మాత్రం కోయకూడదు.

కొనేముందు...

• కారు ఏడాది, అమ్ముడైన దేశం ముందు తేల్చుకోండి. ఆ తర్వాతే రేడియో వెతకండి.
• ట్రాన్స్‌మిటర్ ఒక్కటే కొనొద్దు. రిసీవర్, సర్వోలు, స్విచ్చు, క్రిస్టళ్ల జంట కలిపి ఉన్న సెట్టు చూడండి. విడివిడిగా జత చేయడం కష్టం.
• సెల్స్ గూడు ఫొటో అడగండి. అమ్మేవాళ్లు చూపడానికి తటపటాయిస్తే అనుమానించాల్సిందే.
• ఏరియల్ వంగినా ఫర్వాలేదు, విరిగితే ఆలోచించండి. రిసీవర్ ఏరియల్ వైరుని పొడవెక్కువైందని ఎప్పుడూ కత్తిరించొద్దు. ఆ పొడవు లెక్కప్రకారమే ఉంటుంది.
• తొలిసారి ఆన్ చేసేటప్పుడు మోటారు వైర్లు ఊడదీసి ఉంచండి. సర్వోలు సరిగ్గా తిరుగుతున్నాయని తేలాక మోటారు కలపండి. అప్పుడు కూడా చక్రాలు గాల్లోనే ఉండాలి.
• పాత అట్టపెట్టె, మాన్యువల్, రిబ్బన్ పారేయొద్దు. ఆ సెట్టు ఏ కాలానిదో రేపు చెప్పేవి అవే.

ఇంతకీ ఇంత శ్రమ ఎందుకంటే... కారు షిజువోకాలో తయారైంది. లక్షల పెట్టెల్లో అదే కారు. ప్రతి పెట్టెలో అవే స్క్రూలు, అదే బొమ్మ. అందులో మన అన్నది ఏదైనా ఉంటే అది రేడియోనే. ఎందుకంటే దాన్ని ఎంచుకున్నది కంపెనీ కాదు. పిస్టల్ సెట్టు కావాలని పిల్లాడు మారాం చేస్తే, స్టిక్ సెట్టు చౌక అని తండ్రి సర్దిచెప్పి కొనిపెట్టిన సెట్టు అది. దాని స్టిక్కుల మీద అరిగిన గీతలు ఆ పిల్లాడి బొటనవేళ్లవే.

అటక మీద కారు దొరికినప్పుడు తొందరపడి కిందికి దిగిపోకుండా, ఆ మూల ఇంకాస్త వెతకడం మంచిది. దుమ్ములో ఓ స్టీలు ఏరియల్ తళుక్కుమనొచ్చు!